సికింద్రాబాదు వాళ్లు బందరు ఎందుకు చూడాలి



సెలవులు వస్తే సముద్రం చూడాలన్న కోరిక సికింద్రాబాదులో ప్రతి ఇంట్లోనూ పుడుతుంది. వెంటనే తట్టే పేర్లు విశాఖపట్నం, గోవా, పుదుచ్చేరి. మచిలీపట్నం, అంటే మన బందరు, ఆ వరసలోకి రాదు. ఎవరైనా ఆ పేరు ఎత్తినా, లడ్డూ తప్ప అక్కడ ఏముందనే ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం. మన జంటనగరాల వాళ్లు చరిత్ర కోసం చూడవలసిన సముద్రతీర పట్టణం ఒక్కటే ఎంచుకోమంటే, అది బందరే అని నా వాదన. అక్కడి ఇసుక అందమైనదని కాదు, అక్కడి హోటళ్లు గొప్పవనీ కాదు. గోల్కొండకు సంపద ఎలా వచ్చిందో, ఆ తరవాత సికింద్రాబాదు అనే ఊరు ఎందుకు పుట్టవలసి వచ్చిందో తెలియాలంటే, కావలసిన సాక్ష్యంలో పెద్ద భాగం ఆ రేవులోనే ఉంది. కోట ఎక్కి, చార్మినారు చూసి, కుతుబ్‌షాహీ సమాధుల మధ్య తిరిగిన మనిషి కూడా బందరు చూడకపోతే ఆ కథలో ఒక కొసనే చూసినట్టు.

ముందు మన ఊరి సంగతే చూద్దాం. సికింద్రాబాదు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలసిన కంటోన్మెంటు. అప్పటికి ఎనిమిదేళ్ల ముందు, 1798లో, నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు నిజాం రాజ్యంలో ఉండాలి, వాటి ఖర్చు నిజాం భరించాలి, నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి అధికారుల పటాలాలు రద్దు కావాలి. ఇవీ షరతులు. ఆ ఫ్రెంచి పటాలాల నాయకుడు రేమండ్ ఆ ఏడాదే చనిపోయాడు. ఆయన సమాధి మలక్‌పేట దగ్గర ఇప్పటికీ ఉంది. అయితే ఫ్రెంచి వాళ్లను తప్పించి ఇంగ్లీషు వాళ్లు నిజాం పక్కన చేరడం 1798లో మొదలైన సంగతి కాదు. దాని మొదటి అంకం నలభై ఏళ్ల ముందే బందరు కోటలో జరిగిపోయింది.

అప్పుడు హైదరాబాదులో సలాబత్ జంగ్ పాలన. ఆయనను నిలబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. తన సైన్యం జీతాల కోసం బుస్సీ 1753లో ఉత్తర సర్కారులను రాయించుకున్నాడు. బందరు అంతకు ముందే, 1750లో, ఫ్రెంచి వాళ్ల చేతికి వచ్చింది. 1758లో బుస్సీని మద్రాసు ముట్టడి కోసం వెనక్కి పిలిచారు. విజయనగరం ఆనంద గజపతి రాజు పిలుపు మీద బెంగాలు నుంచి ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు దిగాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి, బందరు దాకా వచ్చి కోటను చుట్టుముట్టాడు. అతని పరిస్థితి ఏమీ బాగాలేదు. లోపల ఉన్న సైన్యం బయట ఉన్న దానికన్నా పెద్దది. మందుగుండు అయిపోవస్తోంది. సలాబత్ జంగ్ సైన్యం దగ్గరికి వచ్చేస్తోంది. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఒక దళం రొచ్చు నేల వైపు నుంచి దృష్టి మళ్లించే దాడి చేస్తుంటే, అసలు దాడి ఈశాన్య బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి కోట పడిపోయింది. పట్టుబడ్డ వాళ్లు పట్టుకున్న వాళ్లకన్నా ఎక్కువమంది. ఆదుకోవడానికి వచ్చిన సలాబత్ జంగ్ ఆ మే నెలలోనే ఇంగ్లీషు వాళ్లతో సంధి చేసుకుని, బందరును, దాని చుట్టుపక్కల సీమను వాళ్లకు వదిలేసి, ఫ్రెంచి వాళ్లను ఇక తన రాజ్యంలో ఉండనివ్వనని మాట ఇచ్చాడు. 1766 ఒప్పందంలో సర్కారులు పోయాయి, 1798లో సైన్యం చేరింది, 1806లో కంటోన్మెంటుకు పేరు వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ వైపు ఈనాటికీ కనిపించే బారకాసుల వరస ఆ రొచ్చు నేల నుంచి మొదలైన దారికి చివరి మజిలీ అంటే అతిశయోక్తి కాదు.

ఇక గోల్కొండ సంగతి. వజ్రాలు కొల్లూరులో దొరికితే సరిపోదు, కొనేవాడు రావాలి. వచ్చేవాడికి ఓడ దిగే చోటు కావాలి. కుతుబ్‌షాహీల కాలంలో ఆ చోటు బందరు. డచ్చివారు 1605లో అక్కడ అడుగుపెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషు వాళ్లు కోరమండల్ తీరంలో తమ మొదటి వర్తక స్థావరాన్ని అక్కడే తెరిచారు. మద్రాసు అనే నగరం ఇంకా ఎవరి ఊహలోనూ లేని రోజులవి. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వాళ్లకు వర్తక హక్కులిస్తూ జారీ చేసిన ఫర్మానాను చరిత్రకారులు బంగారు ఫర్మానా అంటారు. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. ఈ కథ యూరపు వాళ్లతో మొదలైందని మాత్రం అనుకోకూడదు. అంతకన్నా పాత వర్తకులు ఇరానీలు. గోల్కొండ చరిత్రలో పెద్ద పేరైన మీర్ జుమ్లా, ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు. మంత్రి కాకముందు బందరు అధికారిగా పనిచేశాడు, సొంత ఓడలు నడిపాడు. పెగూ, అరకాన్, సయాం, సుమత్రా, హోర్ముజ్, మక్కా యాత్రికుల రేవులు, ఇన్ని దిక్కులకు ఇక్కడి నుంచి ఓడలు పోతాయని వజ్రాల వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు. ఇంకా వెనక్కి పోతే, క్రీస్తు శకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం పెరిప్లస్ ఈ తీరాన్ని మసాలియా అని, సన్నని నూలు బట్టకు పేరైన చోటని చెబుతుంది.

గోల్కొండ నుంచి బందరుకు పోయే బాట జాడ మన ఇంటి పక్కనే ఉంది. హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం పేరున్న మసీదు చుట్టూ వరసగా గదులు కనిపిస్తాయి. అది బందరు బాట మీద బాటసారులు రాత్రి తలదాచుకున్న సరాయి. పుణె నుంచి వచ్చి హైదరాబాదు మీదుగా పోయే ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి కూడా బందరులోనే ముగుస్తుంది. బందరు యాత్రను హయత్‌నగర్ సరాయి దగ్గర ఆగి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అక్కడి నుంచి మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగే దారి అంతా ఒకే రాజ్యపు వర్తక మార్గంగా కనిపిస్తుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఇంత చరిత్ర ఉందంటున్నారు సరే, చూడడానికి ఏం మిగిలింది? బందరు కోటలో శిథిలాలు, ముళ్ల పొదలు, ఆయుధాగారంగా చెప్పుకునే కట్టడం. డచ్చివారి సమాధుల తోట ఒకటి. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అనే పేటలు ఉన్నాయి కానీ ఆ పేటల్లో ఫ్రెంచి మేడ, డచ్చి గిడ్డంగి కనిపించవు. గోల్కొండలో నిలబడితే రాళ్లు మాట్లాడతాయి, బందరులో మాట్లాడే రాయి ఏది? దీనికి నా జవాబు రెండు భాగాలు. ఒకటి, బందరు గొప్పతనం ఎన్నడూ కట్టడాల్లో లేదు. పదిహేడో శతాబ్దం మొదట్లో ఇక్కడ ఇంగ్లీషు వర్తక స్థావరానికి పెద్దగా ఉన్న విలియం మెథ్వోల్డ్, ఊరు నిండా జనం, వర్తకం పుష్కలం, కానీ గోడ లేదు, ఇళ్లు నాసి, చోటూ బాగాలేదని రాశాడు. టావెర్నియే కూడా కర్ర ఇళ్ల ఊరనే చెప్పాడు. తీరం లోతు లేనిది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకు, మనుషులు పడవల్లో దిగేవారు. అలల తాకిడికి పగలకుండా మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన పడవలు ఈ తీరమంతటా వాడేవారు. వాటికి మసూలా పడవలని పేరు. రాజధాని తన డబ్బును రాతిలో పెట్టింది. రేవు తన డబ్బును సరుకులో పెట్టింది. కనక రేవులో రాళ్లు వెతికి, లేవని నిరాశపడితే వెతికిన చోటే పొరపాటు.

రెండో భాగం బాధాకరమైనది. ఉన్నదాన్ని సముద్రం తీసుకుపోయింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. మరుసటి ఏడాది సైన్యాన్ని బందరు నుంచి ఎత్తేశారు. రేవు ఆ దెబ్బ నుంచి పూర్తిగా తేరుకోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన మళ్లీ అదే తీరం మీద పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. పులిగడ్డ దగ్గర దానికి స్మారకం ఉంది. కోటలోని ఆ పొదల మధ్య నిలబడ్డ మనిషికి ఈ సంగతి తెలిస్తే, ఖాళీగా కనిపించే నేల ఖాళీగా ఉండదు. కనిపించని దానికి కారణం తెలుసుకోవడం కూడా చూడడంలో భాగమే. డచ్చి సమాధుల దగ్గరికి అందుకే తప్పక పోవాలి. బరువైన రాతి పలకల మీద వంశ చిహ్నాలు, డచ్చి అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. నెలల తరబడి ఓడలో వచ్చి, ఈ ఉప్పు గాలిలో జబ్బు పడి తిరిగి ఇల్లు చేరని వర్తకులు, వాళ్ల ఇంటివాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లు ఇంత దూరం దేనికోసం వచ్చారు?

బట్ట కోసం. ఇక్కడికి వచ్చాక అభ్యంతరం తానే వీగిపోతుంది, ఎందుకంటే ఆ బట్ట చావలేదు. బందరుకు పది కిలోమీటర్ల దూరంలో పెడన ఉంది. అక్కడ కలంకారీ అద్దకం ఇంకా జీవనాధారం. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. సమయం ఒక్క పూటే ఉంటే కోటను వదిలేసి పెడన చూడమంటాను, అంత ముఖ్యమని నా లెక్క. పని వరస తెలుసుకుని వెళితే కళ్ల ముందు జరిగేది అర్థమవుతుంది. ముందు బట్టలోని గంజి, జిడ్డు పోయేలా ఉతికి ఆరేస్తారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీటిలో ముంచుతారు. కరక్కాయ రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి చేసే కసీం నల్ల గీతలకు. ఎరుపు రావలసిన చోట పటిక నీటితో అద్దుతారు. ఆ తరవాత కాలువ పారే నీటిలో జాడించి, రాగి డేగిసాలో ఎర్ర రంగుతో ఉడికిస్తారు. ఉడికేటప్పుడు బట్టంతా రంగులోనే మునుగుతుంది, కానీ పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది ఉతుకుల్లో పోతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణా తీరపు నేలలో పెరిగిన వేరు మేలైనదని పేరు. ఇప్పుడు చాలా చోట్ల వేరుకు బదులు అలిజరిన్ వాడుతున్నారు. కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాలి. కలంకారీ పేరుతో తెరల మీద ముద్రించిన బట్టలు మన జనరల్ బజారులోనూ దొరుకుతాయి. చేతి అచ్చు పనికీ వాటికీ తేడా ఒక్కసారి పెడనలో అచ్చు ఎత్తి దించడం చూసిన కన్ను మరచిపోదు.

ఆ కాలపు వర్తకంలో ఈ బట్ట ఎంత విలువైనదంటే, డచ్చివారు తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనడానికి వెండి బదులు ఈ బట్టనే మార్చుకునేవారు. ఇరాన్‌కు పోయే బట్ట మీద సైప్రస్ చెట్లు, మామిడి పిందెలు, మెహ్రాబు ఆకారాలు ఉండేవి. తూర్పు దీవులకు పోయేది ఇంకో తీరు. కొనేవాడి ఇష్టాన్ని బట్టి అచ్చు మారేది. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమండల్ తీరపు బట్టలు అద్దాల వెనక ఉన్నాయి. అవే ఆకారాలు చెక్కిన అచ్చులతో పెడనలో మనిషి ఇవాళ పొద్దున కూడా పని మొదలుపెట్టి ఉంటాడు. ఏ కోట గోడకూ లేని కొనసాగింపు ఇది. రాయి మిగలలేదన్న వారికి ఇంతకన్నా సూటి సమాధానం నాకు తెలియదు.

రెండో అభ్యంతరం నీతికి సంబంధించినది. విదేశీ కంపెనీల అడుగుజాడలను మురిపెంగా చూడడం ఏమిటి, మనల్ని పాలించడానికి వాళ్లు దిగిన రేవు కదా అని కొందరంటారు. బందరులోని సెయింట్ మేరీస్ చర్చికి వెళితే, దాన్ని కట్టించిన సైనికాధికారి జాన్ పేటర్, ఆయన ప్రేమించిన అరబెల్లా గురించి చెప్పుకునే కథే మనుషులను లాక్కుపోతుంది. అంతటితో తిరిగి వచ్చేస్తే ఆ అభ్యంతరం నిజమే అవుతుంది. కానీ అదే ఊళ్లో దానికి ప్రతిగా లేచిన సంస్థలూ ఉన్నాయి. 1902లో కృష్ణా పత్రిక బందరులో పుట్టింది. 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో తెలుగు వాళ్లకు జాతీయోద్యమ భాష నేర్పింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ప్రభుత్వ సహాయం లేకుండా చదువుతో పాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పిన చోటు అది. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పాడు. అడివి బాపిరాజు అక్కడ పనిచేశాడు. 1923లో పట్టాభి ఆంధ్రా బ్యాంకును బందరులోనే ప్రారంభించాడు. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం తరవాత హైదరాబాదుకు వచ్చింది, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. కంపెనీ వర్తకం మొదలైన ఊళ్లోనే స్వదేశీ చదువు, స్వదేశీ పత్రిక, స్వదేశీ బ్యాంకు పుట్టడం యాదృచ్ఛికమని నేననుకోను. లాంకషైర్ బట్ట వచ్చి చేతిపనిని దెబ్బ కొట్టడం కళ్లారా చూసిన తీరం అది. అందుకని డచ్చి సమాధులు చూసిన వాళ్లు జాతీయ కళాశాల ఆవరణ చూడకుండా రాకూడదని గట్టిగా చెబుతాను.

సముద్రం సంగతేమిటని మీరు అడుగుతారు. మంగినపూడి తీరం ఊరికి పదకొండు కిలోమీటర్లు. ఇసుక తెల్లగా మెరవదు, నల్లరేగడి కలిసిన నేల. నీరు చాలా దూరం దాకా లోతు ఉండదు. విశాఖ అలలు ఆశించిన వాళ్లకు తృప్తి ఉండదని ఒప్పుకుంటాను. అయితే పెద్ద ఓడలు దూరంగా ఎందుకు ఆగవలసి వచ్చిందో, ఉప్పెన అంత సులువుగా లోపలికి ఎందుకు వచ్చిందో ఆ లోతు లేని నీటిలో నిలబడితే అర్థమవుతుంది. కార్తీక పౌర్ణమికి లక్షల మంది అక్కడ సముద్ర స్నానం చేస్తారు, చిలకలపూడి పాండురంగస్వామి గుడిలో తిరునాళ్లు జరుగుతాయి. జనం మధ్య ఊరిని చూడాలనుకుంటే అదే అదను. గిలకలదిండి రేవులో చేపల పడవల వర్తకం పొద్దున్నే చూడాలి. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగల పని చూడాలి. తొక్కుడు లడ్డు కూడా చేతి పనే. శనగపిండి పూసను వేయించి, దంచి, జల్లించి చేస్తారు. అందుకే నోట్లో వేసుకుంటే అలా కరుగుతుంది.

కొత్త ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. రేవు వస్తే పాత జాడలకు విలువ ఏమిటని అడిగే వాళ్లున్నారు. ఆ ఊరికి ఉపాధి కావాలి, రేవు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ లారీలు, గిడ్డంగులు వచ్చాక భూమి ధర పెరుగుతుంది. పొదల మధ్య ఉన్న కోట గోడకు, రంగు జాడించే కాలువకు రక్షణ అప్పుడు వెతికితే దొరకదు. చూసేవాళ్లు వస్తున్నారని తెలిసిన చోటును పంచాయతీ అయినా, మునిసిపాలిటీ అయినా కొంచెం జాగ్రత్తగా చూసుకుంటుంది. అందుకనే ఇప్పుడే వెళ్లమంటున్నాను.

రైలులో అయితే ఒక రాత్రి ప్రయాణం. తుపానుల భయం తగ్గే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, పెడనలో బట్టలు ఆరే ఎండ కూడా అప్పుడుంటుంది. మొదటి రోజు కోట, డచ్చి సమాధులు, పాత పేటలు, జాతీయ కళాశాల, సాయంత్రం మంగినపూడి. రెండో రోజు పొద్దున పెడన. వీలుంటే మూడో రోజు డెల్టాలోకి పోవాలి. కూచిపూడి అక్కడే ఉంది. గోల్కొండ సుల్తాను తానీషా బందరు వెళుతూ అక్కడి భాగవతుల ఆట చూసి ఊరిని ఇచ్చాడని ప్రతీతి, అంటే ఆ కథ కూడా ఈ బాట మీదిదే. క్షేత్రయ్య మువ్వ పక్కనే. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడాలంటే హంసలదీవి. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, పురావస్తు శాఖ మ్యూజియం ఉన్నాయి. టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల అదేనని పండితుల నిర్ణయం. ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు, కనక బందరు ప్రయాణం గురువారం రాత్రి మొదలుపెడితే శుక్రవారం కోట, శనివారం పెడన, ఆదివారం ఘంటసాల సరిగ్గా కుదురుతాయి.